తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్లిన కవి వెంట ఐదు రోజులు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా తమ్ముడు స్థిరపడి ఇరవై రెండేళ్లయింది. వాడింటికి నేను రావడం మాత్రం ఇదే మొదటిసారి. వచ్చిన రెండో రోజు రాత్రి భోజనాల దగ్గర, "ఏం చూద్దాం అన్నయ్యా? నయాగరాకు వెళ్దామా?" అన్నాడు. అమెరికన్ కవి వాల్ట్ విట్మన్ తిరిగిన ఊళ్లు చూపించరా అన్నాను. వాడు కంప్యూటర్ల మనిషి, కవిత్వం జోలికి పోడు. అయినా మారు మాట్లాడకుండా ఆఫీసుకు ఐదు రోజులు సెలవు పెట్టాడు.

విజయనగరంలో డిగ్రీ చదివేటప్పుడు విట్మన్ నా చేతికి వచ్చాడు. మా ఊరి గురజాడ 1910లో "అన్నదమ్ముల వలెను జాతులు, మతములన్నీ మెలగవలెనోయ్" అన్నాడు. అంతకు యాభై ఐదేళ్ల ముందే భూగోళానికి అవతలి వైపు ఒక వడ్రంగి కొడుకు, ఇంతవరకూ పుట్టిన మగవాళ్లందరూ నా అన్నదమ్ములే అని రాసుకున్నాడు. ఆ వయసులో అది చదివి ఒళ్లు పులకరించింది. నలభై ఏళ్లు గడిచినా ఆ పులకరింత తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో అతను నడిచిన చోట నడిచి తెలుసుకోవాలన్నది నా కోరిక.

మొదటి రోజు: వెస్ట్ హిల్స్, లాంగ్ ఐలండ్

పొద్దున్నే బయలుదేరాం. మరదలు పులిహోర డబ్బా, ఒక సంచీ నిండా కమలాపండ్లు ఇచ్చి పంపింది. వంతెనలు దాటి, బ్రూక్లిన్ ట్రాఫిక్ దాటి హంటింగ్టన్ చేరేసరికి పదకొండయింది. రోడ్డుకు ఒకవైపు పెద్ద షాపింగ్ మాల్. దాని పేరు కూడా విట్మన్‌దే. అక్కడికి దగ్గర్లోనే, చెట్ల మధ్య ఒదిగినట్టు, చెక్క పెంకులు కప్పిన రెండంతస్తుల పాత ఇల్లు ఉంది. కవి తండ్రి సొంత చేతులతో కట్టిన ఇల్లు అది. 1819 మే 31న వాల్ట్ అందులో పుట్టాడు.

లోపల గదులు చిన్నవి. కిటికీలకు చిన్న చిన్న అద్దాల పలకలు. ఒక పలకలోంచి చూస్తే బయటి చెట్టు కొంచెం వంకరగా, నీళ్లలో కదులుతున్నట్టు కనిపించింది. పాత గాజు అలాగే ఉంటుందని తమ్ముడు చెప్పాడు. ఆ పలక ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ ఇంటి పిల్లల జాబితా. బతికి పెద్దైనవాళ్లు ఎనిమిది మంది, అందులో వాల్ట్ రెండోవాడు. తమ్ముళ్లలో ముగ్గురికి తండ్రి దేశ నాయకుల పేర్లు పెట్టాడు: ఆండ్రూ జాక్సన్, జార్జ్ వాషింగ్టన్, థామస్ జెఫర్సన్. ఆఖరివాడు ఎడ్వర్డ్ పుట్టుకతోనే వైకల్యం ఉన్నవాడు. అన్న జెస్సీకి మతి చెడితే పిచ్చాసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది, ఆ కాగితాల పని చేసింది వాల్టే. సోదరభావం గురించి అంత పాడినవాడికి సోదరులంటే ఇంట్లో రోజూ మోయాల్సిన బరువు కూడా. పాఠాల్లో మాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

వాల్ట్‌కు నాలుగేళ్లు నిండకుండానే, 1823లో, కుటుంబం బ్రూక్లిన్‌కు మారిపోయింది. మేం మాత్రం దగ్గర్లోని జేన్స్ హిల్ ఎక్కాం. లాంగ్ ఐలండ్ మొత్తానికీ ఎత్తైన చోటు అదే, అదీ నాలుగు వందల అడుగులే. పైన ఒక బండరాయి, దాని మీద విట్మన్ పంక్తులతో ఫలకం. అక్కడ కూర్చుని పులిహోర తిన్నాం. తమ్ముడు, నేను ఇద్దరమే కూర్చుని తిని ఎన్నేళ్లయిందో.

రెండో రోజు: బ్రూక్లిన్

రైలెక్కి న్యూయార్క్, అక్కడి నుంచి సబ్‌వేలో బ్రూక్లిన్. ముందు రైర్సన్ వీధిలో 99వ నంబరు ఇల్లు చూశాం. 1855లో అతని కవితల పుస్తకం 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' మొదటిసారి అచ్చైనప్పుడు విట్మన్ కుటుంబం అక్కడే ఉండేది. ఇప్పుడది వరసలో మామూలు ఇల్లు. ఎవరో కాపురం ఉంటున్నారు కాబట్టి రోడ్డు అవతల నుంచే చూసి వచ్చేశాం. ఆ పుస్తకాన్ని అచ్చేసిన రోమ్ అన్నదమ్ముల ప్రెస్ ఎప్పుడో కూల్చేశారు, ఆ చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. 795 కాపీలు, పన్నెండు కవితలు, ఒక్కదానికీ పేరు లేదు. కొన్ని పేజీలకు కవే స్వయంగా అక్షరాలు పేర్చాడు. అచ్చు పని చిన్నప్పుడే నేర్చినవాడు మరి.

ఆ పుస్తకం ఇంటికి వచ్చినప్పటి సంగతి తర్వాత తమ్ముడు జార్జ్ చెప్పుకున్నాడు: పుస్తకం చూశాను, చదవలేదు, చదవాలనీ అనిపించలేదు, కాసేపు చేత్తో తిరగేసి పెట్టేశానని. నేను ఈ మాట చెబితే మా వాడు నవ్వి, "పాపం జార్జ్, నాలాంటోడే" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది.

మధ్యాహ్నం ఫుల్టన్ ఫెర్రీ రేవుకు వెళ్లాం. బ్రూక్లిన్ వంతెన 1883లో వచ్చింది. అంతకు ముందు ఈస్ట్ నది దాటాలంటే పడవే దిక్కు. విట్మన్ ఏళ్ల తరబడి ఆ పడవల్లోనే అటూ ఇటూ తిరిగాడు. రేవు చుట్టూ ఉన్న ఇనుప కమ్మీలో అతని ఫెర్రీ కవితలోని పంక్తులు అక్షరాలుగా కోసి ఉన్నాయి. చదవాలంటే కమ్మీ వెంట నడుస్తూ పోవాలి, అక్షరాల సందుల్లోంచి నది కనిపిస్తూ ఉంటుంది. నా తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "కాలమైనా చోటైనా దూరమైనా అడ్డు కావు, నేను మీతోనే ఉన్నాను, ఎన్నో తరాల తర్వాతి మనుషులారా, ఈ నదినీ ఆకాశాన్నీ చూసి మీకేమనిపిస్తుందో నాకూ అదే అనిపించింది."

పక్కనే ఒక కొత్త పెళ్లి జంట ఫొటోలు దిగుతోంది. ఒక తల్లి స్ట్రోలర్‌లో బిడ్డకు పాలు పడుతోంది. ఒక ముసలాయన కమ్మీ మీద చెయ్యి ఆనించి ఊరకే నీళ్లకేసి చూస్తున్నాడు. అతని అరచేతి కింద 'మీతోనే' అన్న మాట ఉంది. వీళ్లందరూ వస్తారని 1856లోనే రాసిపెట్టాడే అనిపించి నా కళ్లు చెమర్చాయి. ఈ కవిత ఇన్నాళ్లు బతకడానికి ఒక కారణం ఇక్కడే దొరుకుతుంది. మనుషులంతా ఒకటి అని అతను ఉపదేశం చెయ్యడు. మన పక్కన రెయిలింగ్‌కు ఆనుకుని నిలబడతాడు.

సాయంత్రం వాల్‌స్ట్రీట్ వైపు ఫెర్రీ ఎక్కాం. కొద్ది నిమిషాల ప్రయాణం. చల్లగాలికి నేను వణుకుతుంటే తమ్ముడు తన జాకెట్ తీసి నా భుజాల మీద వేశాడు.

మూడో రోజు: ఫ్రెడరిక్స్‌బర్గ్, వర్జీనియా

ఇది దూరాభారం. తెల్లవారుజామున ఐదింటికి కారెక్కితే దారిలో ఆగుతూ, బాల్టిమోర్, వాషింగ్టన్ దాటి చేరేసరికి మధ్యాహ్నమైంది.

అమెరికా అంతర్యుద్ధంలో, 1862 డిసెంబరులో, ఇక్కడ ఉత్తరాది సైన్యం ఘోరంగా దెబ్బతింది. చచ్చిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి ఆ వైపే పన్నెండు వేల మందికి పైగా. డిసెంబరు 16న న్యూయార్క్ పత్రికలో వచ్చిన గాయపడ్డవాళ్ల జాబితాలో 'జి. డబ్ల్యూ. విట్మోర్' అని ఒక పేరు కనిపించింది. అక్షరాలు తప్పు పడ్డాయి గానీ అది జార్జే అని ఇంట్లో అందరికీ గుండె గుభేలుమంది. వాల్ట్ ఆ రోజే బయలుదేరాడు. దారిలో ఫిలడెల్ఫియా స్టేషన్లో రైలు మారుతుంటే ఎవరో జేబు కొట్టేశారు. చేతిలో దమ్మిడీ లేకుండా వాషింగ్టన్ చేరి, రెండు రోజులు ఆసుపత్రి తర్వాత ఆసుపత్రి తిరిగాడు. ఎక్కడా తమ్ముడు లేడు. చివరికి నది ఇవతలి ఫాల్మత్ దగ్గర సైనిక శిబిరంలో దొరికాడు. గుండు ముక్క తగిలి చెంపకు చిల్లు పడింది. అంతే, ప్రాణానికి ముప్పు లేదు.

మేం వెళ్లింది చాథమ్ అనే భవనానికి. రాపహానక్ నది ఒడ్డున గుట్ట మీద ఎర్రటి ఇటుకల మేడ, 1771 నాటికి కట్టిన ఇల్లు. యుద్ధమప్పుడు దాన్నే ఆసుపత్రి చేశారు. ఇప్పుడు జాతీయ పార్కుల శాఖ చూసుకుంటోంది. ముంగిట్లో ఒక ముసలి కెటల్పా చెట్టు ఉంది. మాను తొర్రలు పడి, బెరడు మెలికలు తిరిగి, ఆకులు పండి రాలుతున్నాయి. ఒక్కో ఆకు నా అరచెయ్యి కన్నా పెద్దది, గుండె ఆకారంలో ఉంది.

విట్మన్ ఇక్కడికి వచ్చినప్పుడు మొదట చూసింది ఈ ముంగిట్లోని చెట్టు కిందే: కోసి పారేసిన పాదాలు, కాళ్లు, చేతులు, ఒంటిగుర్రం బండికి సరిపడా కుప్ప. దగ్గర్లోనే శవాలు, ఒక్కోదాని మీద గోధుమరంగు దుప్పటి. తమ్ముడు క్షేమంగా ఉన్నాడని తెలిసినవాడు సంతోషంగా ఇంటికి వెళ్లిపోవచ్చు. అతను వెళ్లలేదు. పది రోజుల దాకా శిబిరంలోనే ఉండి, గాయపడ్డవాళ్లను వాషింగ్టన్‌కు తరలిస్తుంటే వాళ్లతోపాటు వెళ్లాడు. ఆ ఊళ్లో పదేళ్లు ఉండిపోయాడు.

నా మట్టుకు నాకు అతని జీవితంలో ఇదే మలుపు. "అందరూ నా అన్నదమ్ములే" అన్న పంక్తి 1855 నాటిది. అప్పటికది ఒక యువకుడి ఉత్సాహం. ఈ చెట్టు దగ్గర ఆ పంక్తికి పరీక్ష వచ్చింది. సొంత తమ్ముణ్ణి వెతుకుతూ వచ్చి ఎవరెవరి తమ్ముళ్లనో చూశాడు, వాళ్లను వదిలి పోలేకపోయాడు.

ఈ సంగతంతా తమ్ముడికి చెట్టు కింద నిలబడి చెప్పాను. వాడు ఏమీ అనలేదు. రాలిన ఆకొకటి తీసి, తుడిచి, పర్సులో పట్టదని తెలిసి నా పుస్తకంలో పెట్టాడు.

మా ఇద్దరి మధ్య ఒక మాట ఉందని ఇక్కడ రాయక తప్పదు. నాలుగేళ్ల కిందట నాన్న ఆసుపత్రిలో పదకొండు రాత్రులున్నారు. మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నేనొక్కణ్ణే కూర్చున్నాను. తమ్ముడికి కాగితాల చిక్కు వచ్చి సమయానికి రాలేకపోయాడు, వచ్చేసరికి అంతా అయిపోయింది. పెద్ద కర్మ రోజున అందరి ముందూ నేను అనకూడని మాట అన్నాను. తర్వాత పండగలకు ఫోన్లు తప్ప మా మధ్య ఇంకేం లేదు.

ఆ రాత్రి వర్జీనియాలోనే ఉంటున్న బాబాయి కూతురింట్లో పడుకున్నాం. వేడివేడిగా ముద్దపప్పు, ఆవకాయ పెట్టింది.

నాలుగో రోజు: వాషింగ్టన్

పొద్దున నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి వెళ్లాం. ఆ రోజుల్లో అది పేటెంట్ ఆఫీసు. యుద్ధకాలంలో దాన్నీ ఆసుపత్రి చేశారు. కొత్త యంత్రాల నమూనాలు పెట్టిన ఎత్తైన గాజు బీరువాల మధ్య సందుల్లో మంచాలు వేసి సైనికుల్ని పడుకోబెట్టారు. విట్మన్ ఆ సందుల్లో రాత్రిళ్లు తిరిగేవాడు. 1865 మార్చిలో లింకన్ రెండోసారి ప్రమాణం చేసినప్పుడు అదే భవనంలో విందు, నాట్యం జరిగాయి. అలంకరించిన హాళ్లు చూసి విట్మన్‌కు అక్కడ పడుకున్న మొహాలే గుర్తొచ్చాయి, అలాగే రాసుకున్నాడు. ఇప్పుడు పైఅంతస్తులో పాలరాతి నేల మీద స్కూలు పిల్లలు వరసగా కూర్చుని బొమ్మలు గీస్తున్నారు.

ఆసుపత్రుల్లో అతను చేసిన పని చాలా చిన్నది, అందుకే గొప్పది. డాక్టరు కాదు, నర్సుగా జీతం లేదు. పొద్దున ప్రభుత్వ ఆఫీసులో నకళ్లు రాసి కొంత సంపాదించేవాడు. తర్వాత స్నానం చేసి, శుభ్రమైన బట్టలు కట్టుకుని, భుజానికి సంచీ తగిలించుకుని వార్డులకు వెళ్లేవాడు. సంచీలో పండ్లు, మిఠాయి, పొగాకు, కాగితాలు, తపాలా బిళ్లలు, చిల్లర డబ్బులు. చిన్న నోటు పుస్తకంలో ఎవరికేం కావాలో రాసుకునేవాడు. ఆ రాతలు చూడండి: ఆరో మంచం, పెన్సిల్వేనియా అబ్బాయి, కామెర్లు, కడుపులో తిప్పుతోంది, కమలాపండ్లు తేవాలి, కాస్త పుల్లటి జెల్లీ కూడా. ఇరవై నాలుగో మంచం, లోపలి బనీను, మేజోళ్లు కావాలి, బట్టలు మార్చుకుని చాన్నాళ్లయింది. యాభై రెండో మంచం, న్యూజెర్సీ అబ్బాయి, గొంతు నొప్పి, ఒక మంచి పుస్తకం కావాలి.

ఈ జాబితా నాకు అతని కవితల్లో కవితలా అనిపిస్తుంది. అన్నదమ్ముడంటే ఎవరు? కడుపులో తిప్పుతుంటే పుల్లటిదేదో కావాలని గుర్తుపెట్టుకునేవాడు. ఉత్తరాది సైనికుడికీ, బందీగా దొరికిన దక్షిణాది సైనికుడికీ ఒకటే సంచీ. ఆరు వందల సార్లకు పైగా ఆసుపత్రులకు వెళ్లానని, ఎనభై వేల నుంచి లక్ష మంది దాకా రోగుల మధ్య తిరిగానని అతను లెక్క చెప్పుకున్నాడు. యుద్ధం ముగిశాక రాసిన చిన్న కవితలో, "నా శత్రువు చనిపోయాడు, నాలాగే దివ్యమైన మనిషి" అంటూ శవపేటికలోని తెల్లబడ్డ మొహాన్ని వంగి పెదవులతో తాకుతాడు.

మధ్యాహ్నం ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం చూశాం. ఇక్కడికి రాకపోతే నా యాత్ర అసంపూర్ణం. ఎందుకంటే విట్మన్ సోదరభావానికి ఒక పగులు ఉంది, దాన్ని దాచి అతన్ని పొగడడం నాకిష్టం లేదు. పారిపోయి వచ్చిన బానిసను ఇంట్లో పెట్టుకుని, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తిన్నానని కవితలో అద్భుతంగా రాసినవాడే, తర్వాతి రోజుల్లో నల్లవాళ్ల గురించి చిన్నచూపుతో మాట్లాడాడు. ఆ లోటుకు జవాబు ఇంకో కవి ఇచ్చాడు. లాంగ్‌స్టన్ హ్యూస్. నేనూ అమెరికాను పాడతాను, నేను నల్ల తమ్ముణ్ణి, చుట్టాలొస్తే నన్ను వంటింట్లోకి పంపుతారు, రేపు బల్ల దగ్గరే కూర్చుంటాను అన్నాడు. "నేనూ అమెరికానే" అన్న అతని మాట ఈ మ్యూజియం గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంది. యువకుడిగా ఓడ పనిలో చేరినప్పుడు హ్యూస్ తన పుస్తకాలన్నీ సముద్రంలో పారేసి ఒక్క విట్మన్‌నే ఉంచుకున్నాడని అతని జీవిత చరిత్రలో ఉంది. పెద్దన్న తప్పును తమ్ముడు సరిదిద్దాడు, అలాగని అన్నను వదిలెయ్యలేదు.

సాయంత్రం ఆరింటికి డూపాంట్ సర్కిల్ మెట్రో స్టేషన్. ఉత్తరం వైపు ద్వారం దగ్గర పాతాళంలోకి దిగినట్టుండే ఎస్కలేటర్. పైన గుండ్రటి రాతి గోడ. ఆ గోడ మీద చుట్టూ విట్మన్ ఆసుపత్రి కవిత చెక్కి ఉంది. ఎయిడ్స్ మహమ్మారి రోజుల్లో రోగుల్ని చూసుకున్నవాళ్ల గౌరవార్థం 2007లో చెక్కించారు. నూట నలభై ఏళ్ల కిందటి మాటలు ఇంకో కాలపు కష్టానికి అలా అక్కరకొచ్చాయి. జనం ఆఫీసుల నుంచి పరుగులాంటి నడకతో దిగిపోతున్నారు. నేను మెల్లగా చదివి తమ్ముడికి తెలుగులో చెప్పాను:

"గాయపడ్డవాళ్లను చల్లని చేత్తో ఊరడిస్తాను,
కునుకు పట్టనివాళ్ల పక్కన చీకటి రాత్రంతా కూర్చుంటాను,
కొందరు మరీ చిన్నవాళ్లు,
కొందరు పడే బాధ ఇంతా అంతా కాదు."

తమ్ముడు గోడకేసే చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి, "పదకొండు రాత్రులు కదన్నయ్యా" అన్నాడు. అవునన్నాను. "నాన్న ఏమైనా అడిగేవారా?" అన్నాడు. అర్ధరాత్రి మెలకువొస్తే పెదవులు తడపమనేవారని చెప్పాను. దూదితో తడిపేవాణ్ణి. ఇంకా చాలా చెప్పాను. జనానికి అడ్డం లేకుండా గోడ పక్కకు జరిగి, చీకటి పడేదాకా అక్కడే నిలబడి మాట్లాడుకున్నాం. ఆ రోజు అన్న మాటకు క్షమించరా అన్నాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

ఐదో రోజు: కామ్డెన్, న్యూజెర్సీ

తిరుగుదారిలో కామ్డెన్. 1873లో పక్షవాతం వచ్చాక విట్మన్‌ను చేరదీసింది జార్జే. పదేళ్లకు పైగా తమ్ముడింట్లోనే ఉన్నాడు. 1884లో జార్జ్ వేరే ఊళ్లో ఇల్లు కట్టుకుని అన్ననూ రమ్మంటే వాల్ట్ ఒప్పుకోలేదు. తమ్ముడు నొచ్చుకున్నాడు. వాల్ట్ 1,750 డాలర్లు పెట్టి మికిల్ వీధిలో చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. 1892 మార్చి 26న అందులోనే చనిపోయాడు. మేం బయట నుంచే చూశాం. ఎదురుగా జిల్లా జైలు ఉంది. లోపల ఉన్నవాళ్లను చూడడానికి వచ్చిన ఆడవాళ్లు కొందరు రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. విట్మన్ ఉంటే రోడ్డు దాటి వెళ్లి పలకరించేవాడని నా నమ్మకం.

కామ్డెన్ బాగా చితికిపోయిన ఊరు. మూతపడ్డ దుకాణాలు, ఖాళీ స్థలాలు కనిపిస్తూనే ఉంటాయి. ఆ ఊరి సిటీ హాలు మీద మాత్రం అతని పంక్తి చెక్కి ఉంది: "కలలో ఒక నగరం చూశాను, ఎవరూ జయించలేని నగరం." కవితలో దాని తర్వాతి మాట ఇంకా ముఖ్యం. అది స్నేహితుల నగరం అంటాడు.

హార్లీ శ్మశానం ఊరి అంచున ఉంది. చెట్ల కింద, చిన్న గుట్టలోకి తొలిచినట్టు బూడిదరంగు రాతి సమాధి. నమూనా కవే చెప్పి కట్టించుకున్నాడు. అంత్యక్రియల్లో బుద్ధుడి మాటలు, కన్ఫ్యూషియస్ మాటలు, బైబిల్, ఖురాన్ చదివారు. లోపల ఉన్నది వాల్ట్ ఒక్కడే కాదు. అమ్మా నాన్నా ఉన్నారు, చెల్లెలు హన్నా ఉంది, ఆఖరి తమ్ముడు ఎడ్వర్డ్ ఉన్నాడు. 1901లో పోయిన జార్జ్ కూడా, ఆ పుస్తకాన్ని ఊరికే తిరగేసి పక్కన పెట్టినవాడు, భార్యతో సహా అక్కడే ఉన్నాడు.

మెట్టు మీద ఎవరో పెట్టి వెళ్లిన గులకరాళ్లు, నాణేలు, ఒక ఎండిన పువ్వు. మేం పక్కన గడ్డి మీద కూర్చున్నాం. సంచీలో ఇంకా మూడు కమలాలు మిగిలాయి. తమ్ముడు ఒకటి మెట్టు మీద పెట్టాడు. ఇంకోటి ఒలిచి, చిన్నప్పుడు అమ్మ చేసినట్టు తొనలు లెక్కపెట్టి, చెరి సగం చేసి నా చేతిలో పెట్టాడు.